విజ్ఞాన కల్పనలో కథానాయిక

పురుషుడు స్త్రీ పాత్రను చిత్రించడం మన సాహిత్యానికి కొత్త కాదు. గురజాడ మధురవాణిని సృష్టించాడు. ఆమె తెలివి ముందు ఆ నాటకంలోని పెద్దమనుషులనేకులు వెలవెలబోతారు. అయితే భవిష్యత్తును ఊహించే విజ్ఞాన కల్పనలో ఆ చూపు ఎందుకు మందగించిందని మేము తరచు ఆలోచిస్తూ ఉంటాము.

హెచ్.జి. వెల్స్ 1895లో 'ది టైమ్ మెషీన్' ప్రచురించాడు. అందులోని యాత్రికుడు ఎనిమిది లక్షల ఏండ్లు ముందుకు పోయి వీనా అనే యువతిని కలుసుకొంటాడు. ఆమె అతనికి పూలిస్తుంది, అతని వెంట నడుస్తుంది, అడవి మండిన రాత్రి కనుమరుగవుతుంది. అన్ని లక్షల ఏండ్లు దాటిన ఊహ, ఒక స్త్రీ నోట ఒక ప్రశ్న పలికించడానికి చాలలేదు.

మన ఉదయగిరిలో జన్మించిన సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' 1991లో కాలయంత్రాన్ని తెలుగు తెరపైకి తెచ్చింది. 1526 నాటి రాయల కొలువుకు, 2504 నాటి లోకానికి సాగే ఆ ప్రయాణంలో హేమ కూడ ఉంటుంది. కాని యంత్రం తండ్రిది, సాహసం నాయకునిది. చిత్రం మనోహరమే, మేము చెప్పేది ఆ సంప్రదాయాన్ని గురించి.

ఆ సంప్రదాయానికి జవాబు 1905లోనే వచ్చింది. వంగదేశపు ముస్లిం రచయిత్రి రొకేయా సఖావత్ హుసేన్ ఆంగ్లంలో వ్రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' చెన్నపట్నపు 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో వెలువడింది. అక్కడ స్త్రీలు మేఘాలనుండి నీరు గ్రహిస్తారు, సూర్యుని వేడిమితో వండుకొంటారు, శత్రువును తరుముతారు. పురుషులు మర్దానాలో ఉంటారు. పైకి హాస్యం, లోపల జనానా వేదన.

పురుషుడు వ్రాయలేడా? వ్రాయగలడు. కార్ల్ సేగన్ 1985 నాటి 'కాంటాక్ట్' నవలకు ఎల్లీ అనే ఖగోళ శాస్త్రజ్ఞురాలు నాయిక. ఆమెకు పని ఉంది, సందేహం ఉంది, తాను చూచినదానిని లోకానికి నిరూపించలేని బాధ ఉంది.

2022 వరకు మన జిల్లాలో ఉండిన శ్రీహరికోటనుండి 2019లో చంద్రయాన్-2 లేచింది. దాని ప్రాజెక్టు డైరెక్టరు ముత్తయ్య వనిత, మిషన్ డైరెక్టరు రీతు కరిధాల్. 2023 సెప్టెంబరు 2న అక్కడినుండే ఆదిత్య-ఎల్1 సూర్యుని పరిశీలించడానికి బయలుదేరింది. దాని ప్రాజెక్టు డైరెక్టరు నిగార్ షాజీ. రొకేయా కలలో సూర్యుడు వంటయింటికి దిగివచ్చాడు. నిగార్ షాజీ బృందం సూర్యుని దిశగా యంత్రాన్నే పంపింది. మన తీరాన వాస్తవం కల్పనను దాటిపోయింది.

విద్యార్థి సోదరులారా! బురఖా ధరించి వచ్చి భౌతికశాస్త్రం చదివే అమ్మాయి మీ కథ చదివితే, తన్ను అందులో ఎక్కడ చూచుకోవాలి? శాస్త్రవేత్త కూతురుగానేనా? నాయికకు అందమివ్వడం సులభం. ఆమెకు ఒక పని, ఒక ప్రశ్న, పొరపడే హక్కు ఇవ్వండి. కలం పట్టే ముందు మీ అక్కచెల్లెండ్రు ఏమి తలపోస్తున్నారో అడిగి వినండి.

సోదరీమణులారా! వారు వ్రాసేవరకు మీరు ఆగనక్కరలేదు. రొకేయా ఆగలేదు.