దుబాయ్‌లో ఆగిపోయిన ఆర్కెస్ట్రా

లండన్‌లో మేం పెట్టే ఉగాది ప్రోగ్రాం ఉగాదినాడు జరగదు. హాలు దొరికి, గాయనికి ఖాళీ ఉన్న శనివారమే మాకు ఉగాది. 2010లో అది ఏప్రిల్ 17న పడింది. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్లు, టైర్ 5 వీసాలు, హాలు అడ్వాన్సు అన్నీ అయిపోయాయి. వాద్యగాళ్ళు గురువారం హీత్రోలో దిగాలి, గాయని శుక్రవారం.

బుధవారం ఐస్‌లాండ్‌లో, నాకిప్పటికీ నోరు తిరగని పేరున్న అగ్నిపర్వతం బూడిద కక్కింది. గురువారం మధ్యాహ్నానికి బ్రిటన్ మీద విమానాలు ఆపేశారు. ఆ బూడిద సన్నటి గాజుపొడి లాంటిది, ఇంజన్ వేడికి కరిగి లోపలే గడ్డకడుతుంది. ఈ ముక్క ఫోన్లో ఎంతమందికి చెప్పానో. నమ్మడానికి ఆకాశమే అడ్డం. మబ్బు లేదు, పొగ లేదు, లండన్‌లో అరుదుగా కాసే ఎండ. "ఇంత ఎండలో బూడిదేంటండీ! టికెట్లు పోలేదని చెప్పండి, అర్థం చేసుకుంటాం" అన్నాడొకాయన.

గాయని హైదరాబాద్‌లో ఇంట్లోనే ఉంది. వాద్యగాళ్ళు అప్పటికే దుబాయ్ చేరారు. చేతిలో బ్రిటన్ వీసా ఉంది గానీ దుబాయ్ వీసా లేదు, బయటికి అడుగు పెట్టలేరు. ఎటు చూసినా వాళ్ళలాంటి జనమేనట. వయొలిన్ ఆయనకు అరవై దాటాయి. షుగర్ మాత్రలు సూట్‌కేసులో, సూట్‌కేసు ఎక్కడో లగేజీలో. రాత్రి రెండింటికి ఫోన్ చేశాడు: "బాబూ, ప్రోగ్రాం సంగతి తర్వాత. నా మాత్రల సంగతి చూడు."

నా దగ్గర ఫోన్ తప్ప ఏముంది? అక్కడి స్నేహితుణ్ణి నిద్ర లేపి పంపితే, మాత్రలు కొనుక్కుని వెళ్ళి టెర్మినల్ బయటే నిలబడిపోయాడు. చివరికి లోపల ఊడ్చే పని చేసే జగిత్యాల కుర్రాడొకడు వీళ్ళ మాటలు విని, ఆయన్ని అక్కడి డాక్టర్ దగ్గరికి నడిపించుకెళ్ళాడు. తన టిఫిన్ డబ్బా కూడా విప్పి "జర తిను బాపూ" అన్నాడట. ఆ అబ్బాయి పేరు ఎవరూ అడగలేదు.

శనివారం హాలు తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు దండం పెట్టి వెనక్కి పంపాను. బర్మింగ్‌హామ్ నుంచి పిల్లలతో రైల్లో వచ్చినవాళ్ళున్నారు. తిట్టినవాళ్ళ కంటే, ఏమీ అనకుండా వెళ్ళిపోయినవాళ్ళ ముఖాలు చూడటమే కష్టమైంది.

ఆదివారం వాద్యగాళ్ళు తిరిగి హైదరాబాద్ వెళ్ళిపోయారు. మంగళవారం రాత్రికి గాని ఇక్కడ విమానాలు మొదలు కాలేదు.

మా రంగంలో ఒక పద్ధతుంది. ముందు నిలబడి పాడేవాళ్ళకు అడ్వాన్సు, వెనక కూర్చుని వాయించేవాళ్ళకు ప్రోగ్రాం అయ్యాక కవరు. ప్రోగ్రామే లేకపోతే కవరెక్కడిది? పైగా ఆ ఏడాది అధిక వైశాఖం, పెళ్ళి కచేరీలు లేని నెల. లండన్ డబ్బు మీదే వాళ్ళు ఇంటి ఖర్చు లెక్క వేసుకున్నారు. నా ఇన్సూరెన్స్ ఆర్టిస్టులకు జబ్బు చేస్తే చెల్లుతుంది, అగ్నిపర్వతానికి చెల్లదట. టికెట్ల డబ్బు వాపసు ఇవ్వడానికి అప్పు చేశాను. కవర్లు పంపాను, సగం సగమే. మిగతా సగం దీపావళి ప్రోగ్రాం అయ్యాక ఇచ్చాను.

ఆ దీపావళికి వయొలిన్ ఆయన్ని మళ్ళీ పిలిచాను. "వస్తాను గానీ, తిన్నగా వచ్చే విమానం ఎక్కించు" అన్నాడు. టికెట్ ఎక్కువైనా అదే కొన్నాను.