బెత్తెడు ఎత్తున ఒక కప్పు

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి జెరూసలెంలోని మహానే యెహుదా బజారులో అడుగుపెట్టడమంటే భోగి ముందురోజు రైతుబజారులో దూరడమే! జనం, సంచులు, అరుపులు. జడలా అల్లిన హల్లా రొట్టెలు గుట్టలుగుట్టలుగా. దానిమ్మలు, ఆలివ్ కాయలు, ఐసు మీద పరిచిన చేపలు. పొద్దు వాలేకొద్దీ ధరలు పడిపోతుంటాయి, అరుపులు పెరుగుతుంటాయి. ఆ తర్వాత ఒక్కో షట్టరూ కిందికి దిగుతుంది. యాఫో వీధిలో ట్రామ్ ఆగిపోతుంది. నాలుగింటికి ఊరంతా వినబడేలా సైరన్ మోగుతుంది.

నేను వెళ్లింది 2019 నవంబరులో. ఆ నెలలో అక్కడ నాలుగున్నర దాటగానే పొద్దుగూకుతుంది. అందుకు 40 నిమిషాల ముందే జెరూసలెం ఇళ్లలో షబ్బత్ దీపాలు వెలుగుతాయి. చాలా ఊళ్లలో అయితే 18 నిమిషాలు ముందు వెలిగిస్తే చాలు. దీపం పెట్టాక ఇక శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా నిష్ఠగా ఉండేవాళ్లు స్విచ్చి నొక్కరు, వండరు, రాయరు, బండెక్కరు. దేశమంతా ఇలాగే ఉంటుందనుకోకండి. టెల్ అవీవ్‌లో ఆ రాత్రే హోటళ్లు కిటకిటలాడుతుంటాయి.

ఆరోజు యూదుల ఇంట్లో భోజనానికి నన్ను పిలిచింది యూదులు కాదు. ఆర్మూరు దగ్గరి పల్లె నుంచి వెళ్లిన అక్క! ఇజ్రాయెల్‌లో వృద్ధులను చూసుకునే పనుల్లో నిజామాబాద్, కరీంనగర్ వైపు వాళ్లు చాలామందే ఉన్నారు. ఈ అక్క చూసుకునే పెద్దావిడకు ఎనభై దాటాయి. చిన్నప్పుడే మొరాకో నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. భర్త లేడు. పిల్లలు వేరే ఊళ్లలో ఉంటారు. ఆమెను అక్క ‘సవ్తా’ అని పిలుస్తుంది. హీబ్రూలో నానమ్మ, అమ్మమ్మ ఎవరైనా సవ్తాయే.

‘‘బెల్లు కొట్టకు చెల్లె, తలుపు మీద తట్టు’’ అని ముందే చెప్పింది. తట్టాను. లోపల రెండు దీపాలు, తెల్లటి గుడ్డ పరిచిన బల్ల. అలవాటుగా పెన్ను తీయబోతే అక్క కళ్లతోనే వద్దంది. షబ్బత్‌నాడు రాయకూడదు కదా. నేను రాస్తే వాళ్లకు దోషమేం లేదు గానీ, ఆ ఇంట్లో ఆ పూట అది బాగుండదు. కాబట్టి ఇదంతా జ్ఞాపకం మీద రాస్తున్నదే.

బల్ల మీద రెండు రొట్టెలు, వాటి మీద కుట్టుపని చేసిన గుడ్డ. రెండే ఎందుకు? ఎడారిలో ఇశ్రాయేలీయులకు మన్నా కురిసినప్పుడు ఆరో రోజున రెండింతలు దొరికేదని నిర్గమకాండం చెబుతుంది. దానికి గుర్తు. మరి గుడ్డ ఎందుకంటే... మామూలు రోజుల్లో ముందు దీవెన రొట్టెకే. ఈ రాత్రి ద్రాక్షారసానికి మొదటి మర్యాద. పక్కనే ఉన్న రొట్టె చిన్నబుచ్చుకోకూడదని కప్పిపెడతారట! రొట్టె మనసు కూడా చూసుకునే ఈ ఆచారం నాకు భలే నచ్చింది.

ఆ ద్రాక్షారసం మీద చేసే ప్రార్థనే కిద్దూష్. అంటే ఆ దినాన్ని పవిత్రమని ప్రకటించడం. సృష్టి పూర్తయిన ఏడో రోజునూ, ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడటాన్నీ అందులో తలచుకుంటారు. అదయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. ఎక్కడ కిద్దూష్ చేస్తే అక్కడే భోజనం చెయ్యాలి. ద్రాక్షారసం దొరక్కపోతే రొట్టె మీదే చెప్పుకోవచ్చు. మన కొంకణ తీరంలోని బెనే ఇజ్రాయెల్ యూదులైతే ఎండుద్రాక్ష నానబెట్టి తీసిన రసంతో కానిచ్చేవారు. ఇది మగవాళ్ల పని అనుకున్నాను నేను. కాదట. ఆడవాళ్లకూ అంతే బాధ్యత ఉందని తాల్ముద్ చెబుతుంది. అందుకే సవ్తా తన కిద్దూష్ తానే చెప్పుకుంటుంది.

చిక్కల్లా కప్పు దగ్గరే. అది నిండుగా ఉండాలి. కుడిచేత్తో పట్టుకుని బల్లకు బెత్తెడు ఎత్తున లేపాలి. సవ్తా చేతులు వణుకుతాయి. భర్త వాడిన పెద్ద వెండి కప్పు అలమరలోకి వెళ్లిపోయింది. కనీస కొలత ఒక లెక్కలో 86 మిల్లీలీటర్లు. ఇంకో పండితుడి లెక్కలో 150. సవ్తా మొదటి లెక్కే ఎంచుకుని చిన్న కప్పు తెప్పించుకుంది.

ఆ కప్పులో పోసేది అక్కే. ‘‘మొదట్ల నన్ను పొయ్యనియ్యలే చెల్లె’’ అంది.

అక్క చేరిన కొత్తలో ఒక శుక్రవారం, మూత తీసిన సీసా అందుకుని పోయబోతే సవ్తా కొడుకు మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేశాడట. కారణం, యూదులు కానివాళ్లు ముట్టుకున్న ద్రాక్షారసం కిద్దూష్‌కు పనికిరాదు. ఎప్పుడో దాన్ని విగ్రహాలకు ధారపోసే రోజుల్లో పుట్టిన నియమం. కలిసి తాగితే చనువు పెరిగి పెళ్లిళ్ల దాకా పోతుందన్న భయం కూడా తోడైంది. నాకైతే మడిబట్ట కట్టుకుని దూరం దూరం అనే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అక్క ఆ గీతకు ఇవతల పెరిగిన మనిషి కాదు. ‘‘మా అమ్మను బాయి కాడ బొక్కెన ముట్టనిచ్చేటోళ్లు కాదు. గింత దూరమొచ్చినా గిదేనా అని ఆ రాత్రి ఏడ్చిన’’ అంది. చట్టం వెనుక చరిత్ర ఉండొచ్చు. కానీ చేతిలోంచి సీసా తీసుకున్నప్పుడు మనిషికి తగిలేది చరిత్ర కాదు కదా!

ఆ ఏడుపు సవ్తా కంటబడింది. ఏమీ అనలేదు. తరువాతి వారం కొడుకుతో వేరే సీసా తెప్పించింది. దాని మీద హీబ్రూలో ‘మెవుషల్’ అని ఉంది. అంటే కాచినది. కాచిన ద్రాక్షారసానికి ఆ అంటు నియమం వర్తించదు, ఎవరు ముట్టుకున్నా ఫరవాలేదు. అదీ శాస్త్రంలోనే ఉంది! నియమం తప్పలేదు, అక్క చెయ్యీ ఆగలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో మరో సీసా లేదు. అక్కకు హీబ్రూలో మొదట చదవడం వచ్చిన మాట అదేనట.

ఆ రాత్రి అక్క అంచుదాకా పోసింది. సవ్తా రెండు చేతులతో అందుకుని కుడిచేతికి మార్చుకుంది. కప్పు లేచింది. కొంచెం ఒలికింది. అక్క చెయ్యి దాని కిందే ఉంది, కానీ తాకలేదు. సన్నటి గొంతుతో ప్రార్థన ముగించి సవ్తా సగానికి పైగా తాగింది. మిగిలింది మాకు పంచింది. తర్వాత చేతులు కడుక్కుని, రొట్టె విరిచేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఉప్పు అద్దిన ముక్క నోట్లో పడ్డాక గానీ మాట రాలేదు. ఎర్రటి మిరప, వెల్లుల్లి, కొత్తిమీరతో చేపల పులుసులాంటి కూర. మొరాకో వంట. పులుపు లేదు గానీ, కారం మాత్రం మనవాళ్లకు సరిపోతుంది! రేపటి ‘దఫీనా’ అప్పటికే సన్నటి సెగ మీద ఉంది. శనగలు, గోధుమలు, ఆలుగడ్డలు, గుడ్లు, మాంసం. శనివారం మధ్యాహ్నం దాకా అలా మగ్గుతూనే ఉంటుంది.

మధ్యలో అక్క లేచి వంటింట్లో లైటు వేసింది. సవ్తా వెయ్యమనలేదు. వేరేవాళ్లతో వేయించుకోకూడదు కూడా. కానీ అక్క తన పని కోసం వేసుకుంటే ఆ వెలుగు అందరిదీ. జబ్బుపడ్డప్పుడైతే అడగడానికీ అనుమతి ఉంది.

సవ్తా నిద్రపోయాక అక్క తన సంగతి చెప్పింది. ఇలాంటి పనులకు వీసా 63 నెలలు. ఆ తర్వాత ఉండాలంటే అదే మనిషి దగ్గర పని సాగుతుండాలి. అక్కకు అది ఏడో ఏడు. ఊళ్లో ఇల్లు స్లాబు దాకా వచ్చింది. బిడ్డ నర్సింగు చదువుతోంది.

‘‘డాక్టరు ఏదన్నా చెప్పనీ, నేను శుక్రారం కప్పు చూస్త. మొన్న గంతెత్తు లేవలే, రాత్రంత నిద్రపట్టలే. ఇయ్యాల లేచింది.’’

బయట ట్రామ్ పట్టాల మీద పిల్లలు ఆడుకుంటున్నారు. హోటలుకు నడిచే వెళ్లాను, నలభై నిమిషాలు. దారిలో ప్రతి కిటికీలోనూ ఎవరిదో ఒక కిద్దూష్ గొంతు.