సున్నపు కొట్టంలో క్యాంపు

మా బ్యాంకు భాషలో క్యాంపు అంటే రికవరీ క్యాంపు. జీపులో ఒక పల్లెకు వెళ్లి, చెట్టు కింద కుర్చీ వేసుకుని, బాకీదార్ల కోసం సాయంత్రం దాకా ఎదురుచూడడం. మా అపార్టుమెంటు పిల్లల భాషలో అయితే వేసవి సెలవుల్లో వేలకు వేలు కట్టి ఈతకో, కరాటేకో వెళ్లడం. నాకు మాత్రం ఆ మాట చెవిన పడగానే తడి సున్నం వాసన గుర్తుకొస్తుంది.

మేము కోడంబాక్కం వాళ్లం. నాన్నగారు ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తా. బయటి ఊళ్ల బంధువులు మా ఇంటికి వస్తే ముందు అడిగేది స్టూడియోలెక్కడ, ఎన్.టి.ఆర్‌ను చూశారా అని. మా వీధి పిల్లలకు తెలిసిన కోడంబాక్కం మాత్రం బిందెల వరస. ఒకే వాకిలిలో అయిదు వాటాలు, ఒక చేతిపంపు. తెల్లవారుజామున లేచి పంపు కొట్టడం మా అన్నదమ్ముల వంతు. ఎండాకాలంలో నీళ్ల లారీ వచ్చిందంటే బడి గంట కొట్టినా వినిపించేది కాదు.

అలాంటి పిల్లలకు ఏడాదికి ఒకసారి ఒక సరస్సే దొరికేది. మా పెద్దమామయ్య పుణ్యం.

మా అమ్మ పుట్టిల్లు తడ ప్రాంతం. అప్పుడది నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. తడకు తూర్పున పులికాట్ సరస్సు. చిలకా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొన తమిళనాడులో ఉంది. సముద్రానికీ సరస్సుకూ మధ్య అడ్డుగోడలా శ్రీహరికోట దీవి. దీని పాత పేరు ప్రళయ కావేరి. స.వెం. రమేశ్ గారు ‘ప్రళయ కావేరి కథలు’ రాసిన తర్వాత ఆ పేరు మళ్లీ నలుగురి నోటా వినబడింది. మా అమ్మమ్మ ఎప్పుడూ ఆ పేరుతోనే పిలిచేది.

మామయ్యది గుల్ల సున్నం వ్యాపారం. ఎండాకాలంలో సరస్సు నీరు తగ్గినప్పుడు బురదలోంచి గుల్ల ఎత్తించి, బట్టీలో కాల్చి, సున్నం చేసి అమ్మేవాడు. మా తాతగారి రోజుల్లో ఆ సరుకు బకింగ్‌హాం కాలువలో పడవల మీద మద్రాసు చేరేది. మామయ్య రోజులకు లారీలు వచ్చాయి. మద్రాసు పాతకాలపు మేడల గోడలు పాలరాయిలా మెరిసేవని తెల్లదొరలు మెచ్చుకున్నది ఈ గుల్ల సున్నపు పూతనే. “మీ పట్నం గోడలన్నీ మా బురదేరా” అని మామయ్య మమ్మల్ని ఉడికించేవాడు.

వానలు పడి సరస్సు నిండితే గుల్ల పని ఆగిపోతుంది. డిసెంబరు నాటికి గట్టు మీది కొట్టం ఖాళీ. తాటాకు కప్పు, మూడు వైపుల దడి, చుట్టూ సరుగుడు చెట్లు. ఆ ఖాళీ కొట్టాన్ని మామయ్య అరపరీక్షల సెలవుల్లో చుట్టాలకు విడిదిగా మార్చేవాడు. రెవిన్యూ వాళ్ల దగ్గర నేర్చిన మాటతో దానికి ‘క్యాంపు’ అని పేరు పెట్టాడు. నవంబరు చివర కార్డు వచ్చేది: “క్యాంపు 24 నుంచి. దుప్పట్లు తెచ్చుకోవలెను.” 1977 నుంచి 1983 దాకా ఏడు డిసెంబర్లు మేము ఆ కార్డు కోసం కాచుకున్నాం.

కోడంబాక్కంలో ఎలక్ట్రిక్ రైలెక్కి పార్కు స్టేషన్లో దిగి, సామాను నెత్తిన పెట్టుకుని సెంట్రల్‌కు నడిచి, గూడూరు వైపు ప్యాసింజరు ఎక్కేవాళ్లం. ఆరంబాక్కం దాటితే అమ్మ ముఖం మారిపోయేది. అంతవరకు టీ వాళ్లతో అరవంలో మాట్లాడిన మనిషి తడ స్టేషన్లో దిగీ దిగగానే “ఏంది అన్నా, ఇట్ట చిక్కిపోయినావు” అనేది. అక్కణ్ణుంచి ఎడ్లబండి.

పెద్దా చిన్నా కలిపి పాతికమందికి తక్కువ ఉండేవాళ్లం కాదు. కొట్టం నేల మీద వరిగడ్డి పరిచి, పైన టార్పాలిన్ వేసి, అందరికీ ఒకే పడక. దడికి అంటుకున్న సున్నం మా చొక్కాలకు అంటుకునేది. పడుకోబోయే ముందు పెట్రోమాక్స్ లైటు ఆర్పగానే ఎదురుగా, నీళ్లకు ఆవల, రాకెట్ కేంద్రం దీపాలు కనబడేవి. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాక, ఆ ఏడు క్యాంపులో మామయ్య తానే వత్తి వెలిగించినంత గొప్పగా చెప్పాడు.

అన్నిటికన్నా నాకు గుర్తున్నది దొరువు. కళ్లు ఆనినంత మేర నీళ్లు, కానీ తాగడానికి చుక్క లేదు, అంతా ఉప్పు. పట్నం పిల్లలకు అది వింతగా తోచేది. కొట్టం వెనక ఇసుక మిట్ట మీద మామయ్య మోకాలి లోతు గుంట తవ్వించేవాడు. నెల్లూరు వైపు దాన్ని దొరువు అంటారు. కాసేపట్లో అడుగున తేటనీరు ఊరేది. కొబ్బరినీళ్లంత తియ్యగా ఉండేది! ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక కనుక బరువైన ఉప్పునీటి మీద తేలుతుందట. లోతుకు తవ్వినా, గబగబా తోడినా ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. అందుకే బకెట్టు ముంచడం నిషేధం. కొబ్బరి చిప్పతో నిదానంగా తోడాలి, సగం దాకా తోడి ఊరే వరకు ఆగాలి. కోడంబాక్కం పంపు దగ్గర కొట్లాడుకునే మేము అక్కడ చిప్ప పట్టుకుని బుద్ధిమంతుల్లా వరసలో నిలబడేవాళ్లం. ఎవడైనా తొందరపడితే మామయ్య తిట్టడు. ఆ నీళ్లే తాగమనేవాడు.

పొద్దున్నే పడవ. చాలాచోట్ల పిల్లల నడుం లోతే కనుక తెడ్డు కన్నా గడకే పని ఎక్కువ. దూరంగా నీళ్ల అంచున గులాబీ రంగు గీత గీసినట్లు ఉండేది. దగ్గరకు పోతే ఆ గీత కదిలేది, అవి ఫ్లెమింగోలు. తల కిందులుగా పెట్టి, ముక్కుతో బురదనీళ్లు వడపోసుకుని తినే పక్షి అది. గూడబాతులైతే మాకు బొత్తిగా భయపడేవి కావు. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు పెట్టుకుని, మేత కోసం ఈ సరస్సుకు వచ్చేవి. ఆ చెరువు నీళ్లలో పక్షుల రెట్ట ఎరువు ఉంటుందని, పైరుకు మంచిదని అక్కడి రైతుల నమ్మకం. 1976లో ప్రభుత్వం దాన్ని పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించింది.

వంట అంతా అత్తదే. మా అమ్మా, పిన్నులూ చెయ్యి వేసేవాళ్లు గానీ, పొయ్యి ముందు నుంచి ఆమె లేచినట్టు నాకు జ్ఞాపకం లేదు. రొయ్యల ఇగురు, ఎండ్రకాయల పులుసు, పొద్దున చద్దన్నంలోకి రాత్రి మిగిలిన చేపల పులుసు. పిల్లలకు ఆకలి వేసేదే కానీ, ఆ అన్నం ఎక్కణ్ణుంచి వస్తోందన్న ఆలోచన ఎక్కడిది?

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపానుకు కొట్టం లేచిపోయింది. సరుగుడు చెట్లు ఒక్కటి మిగల్లేదు. ఆ ఏడు కార్డు రాలేదు. అప్పటికే ఇళ్లకు రంగులూ, సిమెంటు సున్నాలూ వచ్చి గుల్ల సున్నం అడిగేవాళ్లు తగ్గారు. మామయ్య మళ్లీ కొట్టం వేయలేదు.

తొంభైల్లో రొయ్యల చెరువుల జోరు వచ్చింది. పొరుగూరి ఆసామి ఒకాయన ఆ మిట్టను కౌలుకు తీసుకుని తవ్వించి, ఉప్పునీళ్లు పెట్టాడు. ఒక పంట బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత తెల్లమచ్చ తెగులు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, చిలకా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల అలాంటి చెరువులు ఉండరాదని తీర్పు చెప్పేనాటికే ఆయన మోటార్లు ఎత్తుకుని వెళ్లిపోయాడు. కౌలు బాకీ మామయ్యకు అందలేదు. గుంటలు మిగిలాయి.

పోయిన జనవరిలో మా అబ్బాయికి చూపిద్దామని వెళ్లాను. పక్షులున్నాయి, పడవల రేవులో జనం ఉన్నారు. సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయని, రొయ్య తగ్గిందని పడవవాళ్లు చెప్పారు. మిట్ట మీద ఒకచోట మోకాలి లోతు తవ్వి చూశాం. నీరు ఊరింది. మావాడు చిప్పతో తీసి నోట పోసుకుని ఉమ్మేశాడు. ఉప్పు.

ఇక లెక్కల పుస్తకాల సంగతి. మామయ్య 1999లో పోయారు. బ్యాంకులో పని చేసేవాణ్ణి కనుక ఆయన కాగితాలు చూడమని నాకు అప్పగించారు. బట్టీ చిట్టాలు ఏడాదివారీగా దారంతో కుట్టి ఉన్నాయి. ప్రతి డిసెంబరులోనూ ఒక పద్దు: “చుట్టాల ఖర్చు”. పడవ బాడుగ, బియ్యం, కిరసనాయిలు, పిల్లలకు బెల్లం మిఠాయి. 1983లో ఆ పద్దు 412 రూపాయలు. ఆ నెల బట్టీ మీద వచ్చిన ఆదాయం గడిలో సున్న ఉంది. దాని పైన జమ వైపు ఇంకో పద్దు: చేబదులు 500, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. మా బ్యాంకు ఆ రేటుకు ఇవ్వదు, ఇచ్చినా నేను తీసుకోను.

1985 ఆగస్టులో 500 చెల్లించినట్టు పద్దు ఉంది. ఇరవై నెలలకు 200 రూపాయల వడ్డీ పడాలి. చిట్టా అంతా రెండుసార్లు తిరగేశాను, వడ్డీ కట్టిన పద్దు ఎక్కడా లేదు. వృత్తి ధర్మం ఊరుకోనివ్వదు కదా. వాకిట్లో ఎండు రొయ్యలు చెరుగుతున్న అత్తను అడిగాను.

“అది నేను కట్టినా నాయనా, నెలకు పది రూపాయలు, ఈటిని అమ్మి” అంది చేటలోకి చూపించి. “మీ మామకు తెలీదు. అప్పు అట్టనే ఉంటే మళ్లీ డిసెంబరుకు కార్డు రాయడని నా భయం.”

ఒక నిమిషం చెరిగి, “కొట్టం పోయినాక మీరెవురూ రాలా” అంది.