కడలికి కాస్త ఎడంగా

పదవీ విరమణ సమీపించి, క్వార్టరు విడువవలసిన తరుణంలో మేమిరువురం విశాఖపట్నంలో ఇల్లు వెదికాము. లాసన్స్ బే కాలనీలో మేడమీది నుండి సముద్రాన్ని చూడగానే మా శ్రీమతి మనసు అక్కడే నిలిచిపోయింది. ఉక్కుతో జీవితమంతా మెలగిన మా కన్ను మాత్రం తుప్పుపట్టిన కిటికీ ఊచలపై పడింది. ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటులోనికి చేరి ఇనుమును తినివేస్తుంది. తుప్పు ఉబ్బి పెచ్చులూడుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సృష్టించిన బీభత్సాన్నీ మరువలేదు.

పిదప సీతమ్మధార చూశాము. వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి వెళ్లి, వీధిలో నీరు నిలుస్తుందా, బోరు ఎండుతుందా అని ఇరుగుపొరుగులను విచారించి, అక్కడే కొన్నాము. ఇంటిని చూడడానికి ఒక పూట చాలు. పేటను తెలుసుకోవడానికి రెండు ఋతువులు కావాలి.

ఆదివారం సాయంత్రాలు సముద్రం వద్దకు మేమే వెళ్తున్నాము. అది మా ఇంటికి రాకుండడమే మేలని ఇప్పుడు శ్రీమతి కూడా అంటున్నది!