కనుమ నాటి చీటా

2014 కనుమ నాడు మా అమ్మాయిని వెంటబెట్టుకుని హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు వెళ్ళాను. పండుగ సెలవులు, ఇసుక వేస్తే రాలనంత జనం. అందరి నోటా ఒకటే ప్రశ్న: కొత్త చిరుతలెక్కడ?

నిజానికవి చిరుతలు కావు, చీటాలు. చిరుతపులి మచ్చలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. చీటావి విడివిడి నిండు చుక్కలు. కంటి నుంచి నోటిదాకా కారిన కాటుకలాంటి నల్లని చార. జనం పొరబడటంలో వింతేముంది? మన దేశంలో చీటాలు అంతరించాయని 1952లోనే ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి కునోకు తెచ్చేవరకూ మన అడవుల్లో అవి లేవు. ఈ జంట మాత్రం అంతకు ముందే, 2013లో, ఒక సౌదీ రాజకుమారుని కానుకగా వచ్చింది. ఆడది హిబా, మగది అబ్దుల్లా.

మేము చూసిన చీటా గడ్డిలో పడుకుని కదలలేదు. ఈలలు, కేకలు. "పరుగెత్తవేం?" అని ఎవరో గద్దించారు. పొద్దున్నే ఆవుకు పసుపు రాసి దండం పెట్టి వచ్చిన నేను కూడా చప్పట్లు చరిచాను. అమ్మాయి నా చేతులు పట్టుకుంది.

"పడుకోనీ నాన్నా."

హిబా 2020లో పోయింది. 2023 మార్చిలో అబ్దుల్లా కూడా పోయిందని అమ్మాయే ఫోను చేసి చెప్పింది.

"ఆ రోజు చివర్లో లేచి మనవైపు చూసింది, గుర్తుందా?"

నాకు గుర్తు లేదు. అప్పుడు కెమెరాలో బ్యాటరీ మారుస్తూ ఉండి ఉంటాను.