ఒకే బేస్ క్లాస్, బోలెడు అవతారాలు

మా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు ఆదిభట్లలో విమానాల తోకలు చేసే ఫ్యాక్టరీలో ఉన్నాడు. కొత్తగా తయారయ్యే సీ-130జే సూపర్ హెర్క్యులిస్‌లకి తోకలు వెళ్ళేది అక్కణ్ణుంచే. వాడికి అదో గర్వం. నాకూ ఆ విమానమంటే చిన్నప్పట్నుంచీ పిచ్చే లెండి.

1954లో మొదటిసారి ఎగిరింది, ఇంకా తయారవుతూనే ఉంది. మనమేమో ఐదేళ్ళ క్రితం రాసిన కోడ్‌ని ముట్టుకోవాలంటేనే దణ్ణం పెట్టుకుంటాం! నిజానికి అందులో బ్రహ్మవిద్యేం లేదు. పైన రెక్కలు, నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లు, ఖాళీ పొట్ట, వెనక కిందకి దిగే తలుపు. ఆ ఖాళీయే దాని బలం. గాల్లో ఇంకో విమానానికి ఇంధనం పోస్తే కేసీ-130, స్కీలు తగిలిస్తే అంటార్కిటికా మంచు మీద దిగే ఎల్‌సీ-130, వాతావరణ పరికరాలు పెడితే హరికేన్ లోపలికి దూరే డబ్ల్యూసీ-130. మాకు కాలేజీలో ఇన్‌హెరిటెన్స్‌కి కుక్కా పిల్లీ అంటూ చెప్పారు గానీ, ఇది చెప్పుంటే అప్పుడే అర్థమయ్యేది.

అన్నీ కుదిరాయని కాదు. టెహ్రాన్‌లో బందీల కోసం ఏకంగా ఫుట్‌బాల్ స్టేడియంలో దింపుదామని 1980లో ఒకదానికి రాకెట్లు బిగించారు. పరీక్షలో అవి ముందే మండి, విమానం నేలమీద పడి రెక్క విరిగింది. లోపలున్నవాళ్ళు బతికారు, అదృష్టం.

నేనెప్పుడూ గబగబా దాటేసే సబ్‌క్లాస్ ఇంకోటుంది... ఏసీ-130. అదే పొట్టలో, ఎడమ పక్కకి గురిపెట్టిన ఫిరంగులు. 2015 అక్టోబర్ 3 తెల్లవారుజామున ఆఫ్ఘనిస్తాన్‌లోని కుందుజ్‌లో 'డాక్టర్స్ వితౌట్ బార్డర్స్' ఆసుపత్రిని కాల్చింది. రోగులు, డాక్టర్లు, సిబ్బంది కలిపి 42 మంది పోయారు. అమెరికా సైన్యం విచారణలో తేలిందేంటంటే, ఇచ్చిన కోఆర్డినేట్లు సరైనవే. విమానంలోని సిస్టమ్ మాత్రం ఖాళీ పొలాన్ని చూపించింది. దాంతో సిబ్బంది, చెప్పిన గుర్తులకి దగ్గరగా ఉన్న పెద్ద బిల్డింగ్‌ని ఎంచుకున్నారు.

ఇలాంటి బగ్గులు నేనూ రాశాను. నా బగ్గు వల్ల ఎవరికో బిల్లు తప్పొచ్చింది, అంతే.

మొన్న వాడితో ఈ మాటే అన్నాను.

"అది పాత మోడల్‌రా, అందులో మా తోక లేదు" అన్నాడు.

"కొత్త ఏసీ-130జేలో?"

కాసేపు మాట్లాడలేదు. "మేం తోకే కదరా చేసేది, దాని పొట్టలో ఏం పెడతారో మాకెవడు చెప్తాడు?" అన్నాడు. నేను రాసిన లైబ్రరీలు ఎక్కడెక్కడ వాడుతున్నారో నాకు తెలుసా అని కూడా అడిగాడు.

తెలీదు.