పథ్యం పేరుతో కంచం ఖాళీ చేయకండి

మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో ఎర్రటి మచ్చలు, వాటిమీద వెండిరంగు పొట్టు. ఈ జబ్బున్నవాళ్లు మీ ఇంట్లో కాకపోతే మీ వీధిలో ఒకరైనా ఉంటారు. దీన్ని సోరియాసిస్ అంటారు. నాకు పదకొండేళ్లుగా ఉంది. తలలో మొదలైనప్పుడు చూసినవాళ్లంతా చుండ్రన్నారు, చేతికొచ్చాక తామరన్నారు.

చిత్తూరులో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్లి, అందరితోపాటు కూరగాయల ముందు కూర్చున్నాను. "నువ్వు లే వదినా, మేం తరుగుతాంలే" అని ఒకామె కత్తిపీట పక్కకి లాక్కుంది. మాట ప్రేమగానే ఉంది, చూపు మాత్రం నా మోచేతి మీదుంది. ఇరవై ఏళ్లుగా పదిమందికి వండిపెట్టిన చెయ్యమ్మా ఇది! ఆవిడకి చెప్పలేకపోయింది మీకు చెబుతాను. ఇది అంటుకోదు. ఒంట్లోని రక్షణశక్తి దారి తప్పి, నెల పట్టాల్సిన చర్మం నాలుగైదు రోజులకే పైకి తోసుకొస్తుంది. రాలే పొట్టు మన చర్మమే, అందులో పురుగూ లేదు, క్రిమీ లేదు. ముట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు.

ఇక పథ్యం సంగతి. వంకాయ నంజు, గోంగూర నంజు, చేప, గుడ్డు, చెనిక్కాయలు, కందిపప్పు, టమాటా అన్నీ నంజే అన్నారు పెద్దవాళ్లు. మదనపల్లె టమాటాలు గంపలకొద్దీ దిగే ఊళ్లో ఉంటూ చింతపండు చారుకి కూడా నోచుకోలేదు. మా అత్తగారు పాపం నాకోసం విడిగా మిరియాల చారు పెట్టేది. ఆరు నెలలు ఆ చారూ అన్నంతోనే గడిచింది. మచ్చలు ఉన్నచోటే ఉన్నాయి. ఒంట్లో రక్తం తగ్గి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది.

తిరుపతిలో చర్మం డాక్టరమ్మ ఆ జాబితా విని నవ్వింది. "అవన్నీ ఎందుకు మానేశారు? తూకం తగ్గండి చాలు" అంది. అప్పుడు నేను డెబ్బై నాలుగు కిలోలు. బరువు ఎక్కువున్నవాళ్లు తగ్గితే మచ్చలు నెమ్మదిస్తాయి, మందు కూడా బాగా పనిచేస్తుందట. 2018లో అమెరికాలో సోరియాసిస్ వైద్యులు పాత పరిశోధనలన్నీ కలిపిచూసి గట్టిగా చెప్పిన మాటా ఇదే. తిండితో జబ్బు పోతుందని మాత్రం వాళ్లూ అనలేదు.

మానేసినవన్నీ తిరిగొచ్చాయి, కొలత మారింది. రాత్రి అన్నం బదులు చిన్న రాగిముద్ద, పక్కన తోటకూర పప్పు. ఊరిబిండి ఉంటుంది, కానీ చెంచాడే. వారానికి రెండుసార్లు చేపల పులుసు, వేపుడు కాదు. కాఫీలో చక్కెర సగం చేశాను, బజ్జీల మూకుడు అటక మీదకెక్కింది. ఏడాదికి తొమ్మిది కిలోలు తగ్గాను. మోకాళ్ల మీద మచ్చలు పలచబడ్డాయి. తలలోది ఇంకా ఉంది.

గోధుమ మానేయమని ఈమధ్య ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. గోధుమలోని జిగురు పడదని రక్తపరీక్షలో తేలినవాళ్లకే ఆ పథ్యం. మన రాగుల్లో, బియ్యంలో, కొర్రల్లో ఆ జిగురు ఎటూ లేదు, కాబట్టి డబ్బాల్లో అమ్మే ఖరీదైన పిండి కొనే పనే లేదు. మీ ఇంట్లో మగవాళ్లకి ఈ జబ్బుంటే వంకాయ కాదమ్మా, మందు సీసా, సిగరెట్టు పెట్టె దాచండి.

"వారంలో మాయం" అని అమ్మే పేరులేని పొడుల జోలికి పోకండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే, ఆపిన తర్వాత జబ్బు రెట్టింపై తిరగబడుతుంది. డాక్టరిచ్చిన మాత్ర కూడా చెప్పకుండా మానకూడదు. పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు బిగుసుకుంటుంటే అది వయసు అని వదిలేయకుండా ఆస్పత్రికెళ్లి చెప్పండి, ఈ జబ్బు కీళ్లకీ పాకుతుంది.

చలికాలంలో చర్మం ఎండి మచ్చలు పెరుగుతాయి. మనకి అనపకాయలొచ్చేదీ అప్పుడే. స్నానం కాగానే ఒళ్లు తడి ఆరకముందే కొబ్బరినూనె రాసుకుని, రాత్రి నానబెట్టిన అనపగింజలు పితకడానికి కూర్చుంటాను. తెల్లగడ్డ, ఎర్రగడ్డ, కొత్తిమీర నూరి వేసిన పితికిపప్పు పులుసు, రాగిముద్ద. నూనె రెండు చెంచాలు చాలు. మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు రెండోసారి అడిగి వేయించుకుంది.